తొమ్మిది గళ్ళ కాగితం

సాల్మియాలో రాత్రి పన్నెండు దాటాక
ఈ ఇంటి ఇస్త్రీ గది నాది.
వాషింగ్ మిషను మీద పాత తువ్వాలు పరిచి
కాగితం చదరంగా కత్తిరిస్తాను.
అటు మూడు మడతలు, ఇటు మూడు మడతలు.
విప్పితే తొమ్మిది గళ్ళు.
మూలగళ్ళకి ఒక్కో గాటు,
గోడలు లేపి, చెవులు లోపలికి తోసి, జిగురు.
జిగురంటే మైదా ఉడికించిందే.
చిటికెడు పసుపేస్తే పురుగు పట్టదంది దీనమ్మ.
రెండ్రోజుల బుట్టకి పురుగెందుకు పడుతుందో
నేనూ అడగలేదు.

కాగితం కొన్నది కాదు.
పోయిన వారమే గర్గియాన్ అయింది,
రంజాన్ నెల నడిమధ్య పిల్లల పండగ.
నూరాకీ, నూరా చుట్టాల పిల్లలకీ
డెబ్భై సంచులు కట్టాను ఈ చేతుల్తోనే,
పల్లీలు, బాదం, చాక్లెట్లు, మెడకి జరీ దారం.
మిగిలిన చుట్ట చూపించి, మామా, పారెయ్యనా అంటే
ఖుదీ, అంది ఫోనులోంచి తలెత్తకుండా.
తీసుకో అని.
ఎలా అన్నా సరే, తీసుకున్నాను.

నీలం మీద బంగారు నెలవంకలు.
ఈస్టరు బుట్ట మీద ఇవేంటంటారేమోనని
మొదటిది తిరగేసి మడిచాను,
తెలుపు బయటికి, చందమామలు కడుపులోకి.
ఆసుపత్రి గిన్నెలా తయారైంది.
రెండోది తిన్నగానే మడిచేశాను.
మన పండగ తేదీ కూడా పున్నమిని చూసే పెడతారని
జక్కరయ్య పాస్టరుగారే కదా చెప్పారు.

నూరాకి ఏడేళ్ళు. ఈ నెలంతా రాత్రుళ్ళు నిద్రపోదు.
వచ్చి గడప మీద కూర్చుంది.
ఎవరికి?
అబ్బాసియాలో పిల్లలకి.
ఎంతమంది?
ఇరవై ముగ్గురు.
వెళ్ళి తన మొద్దు కత్తెర తెచ్చుకుని
కాడలు కత్తిరించింది, అన్నీ వంకరే.
ఇందులో ఏం పెడతావు?
గుడ్డు. ఉల్లిపొట్టు నీళ్ళలో ఉడికిస్తే ఎర్రగా వస్తుంది.
గుడ్డెందుకు?

నా అరబ్బీ వంటింటి అరబ్బీ.
ఉప్పు, కత్తి, తలుపు, త్వరగా, రేపు.
వాటితోనే చెప్పాను.
తలుపు మూసేశారు.
రేపు కూడా మూసే ఉంది.
ఎల్లుండి పొద్దున చూస్తే తెరిచి ఉంది.
నూరా కత్తెర ఆపింది.
తాళం ఎవరి దగ్గరుంది?

పద్నాలుగేళ్ళు ఆదివారపు బడికెళ్ళాను,
ఆ మాట ఎవరూ అడగలేదు.
నా పాస్‌పోర్టున్న బీరువా గుర్తొచ్చింది ఊరికే.
పడుకో అమ్మా, అన్నాను.

మాకు సెలవు శుక్రవారం.
ప్రభువు చనిపోయిన రోజు సెలవు,
లేచిన రోజు డ్యూటీ.
అందుకని శుభ శుక్రవారం నాడే పంచాను,
నోటికి టేపు వేసి,
ఆదివారం దాకా తెరవకూడదని మరీ మరీ చెప్పి.
తబిత కొడుకు జోయెల్ బస్సెక్కక ముందే పీకేశాడు.
వాణ్ణి చూసి మిగతావాళ్ళు.
ఏడు మాటల ప్రసంగానికి వేసుకున్న తెల్లచీరల మధ్య
ఎర్ర పెంకులు, చాక్లెట్ మూతులు.
పాస్టరుగారు చూశారు.
చూసి బస్సు టైరు వైపు తిరిగి నిలబడ్డారు.
తర్వాత నెమ్మదిగా, ఇంకోటి మిగిలిందా అన్నారు.

మిగిలింది ఒకటుంది గానీ అది నూరాది.

ఆదివారం మూడున్నరకే లేచాను.
సహూరుకి పెరుగు తియ్యాలి, ఖర్జూరాలు కడగాలి.
సమాధి దగ్గరికి బయల్దేరిన ఆడవాళ్ళూ
ఈ వేళకే లేచి ఉంటారు,
సుగంధ ద్రవ్యాలు మూటగట్టుకుంటూ,
ఆ రాయి ఎవరు దొర్లిస్తారే అని గొణుక్కుంటూ.
పైన పిల్లల గదిలో లైటు వెలిగే ఉంది.

ఇస్త్రీ గది తలుపు పిడికి
వంకర కాడ బుట్ట వేలాడుతోంది.
నిన్న గుడ్డు పెట్టి ఇచ్చింది అదే.
లోపల చెయ్యి పెట్టి తడిమాను.
ఖాళీ.
నవ్వొచ్చి నిలబడిపోయాను,
ఇక్కడ పాలు పొంగిపోయాయి.